నూరు ఫీల్డులు

జూన్ 9, సోమవారం

రోజూ రాయమన్నది కంటి డాక్టరమ్మ. కుడి కంటికి కట్టు కట్టుకుని, ఎడమ కంటితో చూస్తూ, రూళ్ల నోట్‌బుక్‌లో గీత తప్పకుండా రోజుకొక పేజీ. ఏం రాయాలో మాత్రం చెప్పలేదు. నీ ఇష్టం, ఎవరూ చదవరు అంది. ముప్పై ఏడేళ్లకు మళ్లీ ఒకటో తరగతి.

ఈ నాలుగు ముక్కలకే అరగంట పట్టింది. తల పగిలిపోతోంది. ఇక చాలు.

జూన్ 10

ఒక అక్షరం ఒంటరిగా ఉంటే కనిపిస్తుంది. పక్కన ఇంకో రెండు చేరితే బస్సు తలుపు దగ్గర జనంలాగా తోసుకుంటాయి. ఏది ముందో ఏది వెనకో తెలియదు.

భయం ఏమీ లేదు. కొత్త కదా.

జూన్ 12

హన్మకొండలో డాక్టరమ్మ చెప్పింది మరిచిపోకముందే రాసుకోవాలి. నా ఎడమ కన్ను చెడిపోలేదట. చిన్నప్పుడు మెల్ల ఉండడం వల్ల అది చూసినదాన్ని మెదడు పక్కన పడేసిందట, కుడి కన్ను ఉందిగా అని. ముప్పై ఏళ్లుగా ఆ కన్ను చెబుతూనే ఉంది, వినేవాళ్లు లేరు. ఇప్పుడు కుడిది పోయింది కాబట్టి మెదడు గతిలేక దీని మాట వినాలి. వినిపించుకునేదాకా విసిగించాలి. అందుకే ఈ రాత.

ఈ వయసులో మెదడు కొత్తగా నేర్చుకుంటుందా మేడం అని అడిగాను. మేం చదువుకునే రోజుల్లో నేర్చుకోదనే చెప్పారు, ఇప్పుడు అలా అనడం లేదు, మంచి కన్ను పోయినవాళ్లలో కొందరికి ఇలాంటి కన్ను తేరుకుంది అంది. కొందరికి అనే మాట దగ్గర కాగితాలు సర్దుకుంది. నేను గమనించాను.

కుడి కంటికి కార్నియా మార్చాలి. లిస్టులో పేరు రాశారు. ఆరు నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు.

జూన్ 15, ఆదివారం

మా ఆయన హరిలాల్ మహబూబాబాద్ నుంచి వచ్చాడు. లైన్‌మన్ ఉద్యోగానికి ఆదివారం ఉండదు, అయినా ఎవరినో బతిమాలుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడితే మొదట ఎవరో అనుకున్నాను. దగ్గు విని గుర్తుపట్టాను. ముఖాలు అసలు దొరకడం లేదు. కళ్లూ ముక్కూ మూతీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఆయనకు చెప్పలేదు, నవ్వాను.

ఎట్లా జరిగిందని మళ్లీ అడిగాడు. ఎన్నిసార్లు చెప్పాలి? ఏప్రిల్ నెలాఖరున తరిగొప్పుల దగ్గర మా తండాకు పోయాను, యాడిని, మా అమ్మను, ఇక్కడికి తీసుకొద్దామని. వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర మా పాలోళ్లు ఫ్యాను పెట్టి వడ్లు తూర్పార పడుతున్నారు. పొల్లు ఎగిరి కంట్లో పడింది. గుచ్చుకుంది. ఎర్రబడింది. మెడికల్ షాపులో నేనే ఒక చుక్కల మందు కొనుక్కున్నాను. నాలుగు రోజులు హాయిగా ఉంది. అయిదో రోజు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. బూజు చేరింది, నేను పోసిన మందు దానికి ఎరువైంది. పీహెచ్‌సీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పదకొండేళ్లుగా కంట్లో సొంత వైద్యం వద్దని అందరికీ చెప్పేదాన్ని నేనే. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు.

యాడి మాత్రం నా ఎడమ కంటి మీద భరోసాగా ఉంది. మా అమ్మకు మెల్లకన్ను అంటే ఇంట్లోకి లక్ష్మి నడిచొచ్చినట్టే. నేను పుట్టిన ఏడాదే బోరులో నీళ్లు పడ్డాయట. మూడో తరగతిలో బడికి కంటి డాక్టర్లు వచ్చి కళ్లద్దాలిచ్చి, కుడి కంటికి రోజూ నాలుగు గంటలు బిళ్ల అతికించమన్నారు. యాడి దాన్ని పీకి పొయ్యిలో వేసింది. మంచి కన్ను మూసి పనికిరాని కన్ను తెరవమనేది ఏం వైద్యం అని. పైగా మెల్ల సరిచేస్తే అదృష్టం పోతుందని. ఈ రోజు డాక్టరమ్మ చేయిస్తున్నది సరిగ్గా అదే బిళ్ల వైద్యం, ఇరవై తొమ్మిదేళ్లు ఆలస్యంగా. యాడితో అనలేదు. అని ఏం లాభం.

జూన్ 23, సోమవారం

డ్యూటీలో చేరాను.

మెడికల్ ఆఫీసర్ మేడం ఎట్లా ఉందని అడిగింది. ఒక కన్ను బాగానే ఉంది మేడం అన్నాను. అందరికీ నా కుడి కంటి మచ్చ కనిపిస్తుంది కాబట్టి ఎడమది మంచిదనే అనుకుంటారు. అబద్ధం చెప్పలేదు. ఎడమ కంటి సంగతి ఎవరూ అడగలేదు.

ఈ ఉద్యోగాన్ని ఎంచుకున్నదే ఒంటి కన్ను చాలునని. మైక్రోస్కోపు గొట్టం ఒక్కటే, దాన్లోకి ఒక్క కన్నే పోతుంది. రెండో కన్ను ఎట్లా ఉన్నా లోకానికి తెలియదు. ఈ రోజు మొదటిసారి ఆ గొట్టానికి ఎడమ కన్ను ఆనించాను. వెలుగు కనిపించింది. గులాబీ రంగు కనిపించింది. అంతే.

జూన్ 25

గీత తప్పలేదు ఈ రోజు. చూసుకో జమునా.

జూన్ 27

సాధనకు పాత పాజిటివ్ స్లైడుల డబ్బా తీశాను. పన్నెండు చూశాను. పన్నెండింట్లోనూ మలేరియా కనిపించింది. ఎర్రకణంలో సన్నటి ఉంగరం, ఉంగరానికి రాయిలాగా ఒక చుక్క. పన్నెండుకు పన్నెండు!

ఒక చిట్కా దొరికింది. గొట్టం పై అద్దం మీద చిన్న రంధ్రం చేసిన నల్ల కాగితం పెడితే తోపులాట తగ్గుతుంది. ఒకటో రెండో కణాలే ఆగుతాయి.

యాడికి చెబితే బెల్లం అన్నం వండింది. రోజూ సాయంత్రం ఇక ఇదే అడుగుతానంది, ఇయ్యాల ఎన్ని అని.

జూన్ 28

2023 నెగెటివ్ డబ్బా కింది వరుసలో ఉంది. దాన్ని తీయలేదు. అవసరం లేదు.

418 అందులోనే ఉంది. ఇంకో డబ్బాలోకి మార్చాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. బాపు స్లైడు అది. ఆ ఆగస్టులో ఇక్కడికి వచ్చాడు, నా క్వార్టర్ వెనక కూరగాయల మడి తవ్వాడు, వారానికి జ్వరం తగిలింది. మలేరియా పరీక్ష కిట్టు తెస్తానని మా హెల్త్ అసిస్టెంట్ దేవదాసు అంటే, కూతురు ఉండగా కిట్టెందుకు అన్నాను. నేనే చూశాను. నూరు ఫీల్డులూ చూశాను. లేదు. నెగెటివ్ అని రాసి పెద్ద దవాఖానకు పంపాను. అయిదో రోజు పోయాడు. మెదడు జ్వరం అన్నారు.

కుడి కంటితో చూశాను. అప్పుడు ఏ లోపమూ లేదు.

జులై 8, మంగళవారం

యాడి సీత్లా పండుగకు తండాకు పోలేదు. ఇక్కడే పెరట్లో ఏడు రాళ్లు పెట్టి పసుపూ నానబెట్టిన శనగలూ పెట్టింది. ఇదివరకు చేతులనిండా తెల్లటి గాజులుండేవి. ఇప్పుడు ఆ చేతులు చూడబుద్ధి కాదు. పక్క క్వార్టర్ నర్సమ్మ బాపు సంగతి అడిగితే ఎప్పుడూ చెప్పేదే చెప్పింది.

“నా బిడ్డ సొంత కంటితోని సూసిందమ్మా. మలేరియా కాదని ముందే తేల్చింది. గది మాకు రాసిపెట్టి ఉన్నది, ఇంగెవరు ఏం జేస్తరు.”

ఆ మాట చెప్పినప్పుడల్లా ఆమెకు కొంచెం తేలిక అవుతుంది. నేను లోపలికి పోయి బట్టలు మడతపెట్టుకున్నాను.

జులై 11

వానలు పట్టాయి. రోజుకు ఇరవై, పాతిక స్లైడులు. కిట్లు అయిపోయాయి, వచ్చే వారం వస్తాయట. అంటే అన్నీ నా మీదే.

ఒక స్లైడును ఇన్ని ఫీల్డులు చూడాలని లెక్క. గొట్టంలో గుండ్రంగా కనిపించేది ఒక ఫీల్డు. స్లైడు కొంచెం జరిపితే ఇంకోటి. అట్లా నూరు చూసి, నూటిలోనూ ఏమీ లేకుంటేనే లేదని రాయాలి. ఇదివరకు నూరు ఫీల్డులకు ఆరేడు నిమిషాలు. ఇప్పుడు ఇరవై అయిదు. ముప్పై దాటాక కన్ను నీళ్లు కారుతుంది. యాభై దాటాక అన్నీ ఉంగరాలే. కుంకుడు నురుగులో ఉంగరాలు, యాడి కుట్టే అద్దాల రవికలో ఉంగరాలు.

లేనిది కనిపించడం ఎక్కువ భయమా, ఉన్నది కనిపించకపోవడం ఎక్కువ భయమా? రాసి కొట్టేశాను, మళ్లీ రాస్తున్నాను.

జులై 17

ఇరవై తొమ్మిది స్లైడులు. చివరిది చంద్రమ్మది. నాట్లు వేసే ముఠాకు పెద్ద ఆమె. వరి నాట్లలోంచి నేరుగా వచ్చింది, మోకాళ్ల దాకా బురద. వేలు గుచ్చుతుంటే, నీ సూది కంటె జలగలే నయం బిడ్డా, అవి కరిచినట్టు కూడ తెల్వది అని నవ్వించింది. ఆమె ముఖం నాకు కనిపించలేదు. నవ్వు వినిపించింది.

నెగెటివ్. నూరు ఫీల్డులూ చూశాను.

జులై 18

నూరు చూశాను.

జులై 20

మొన్న రాసింది చదువుకున్నాను. నూరు చూశానని రెండుసార్లు ఎందుకు రాశానో. చూశాను కాబట్టి రాశాను.

జులై 21, సోమవారం

చంద్రమ్మను మంచం మీద మోసుకొచ్చారు. పిలిస్తే పలకడం లేదు. దవడలు బిగుసుకుపోయాయి. మేడం నా కాగితం తీసి చూసింది, నెగెటివ్ అని ఉంది. ఆ కాగితం పట్టుకుని ఒక్క క్షణం ఆగింది. తర్వాత కాగితాన్ని పక్కన పెట్టి మలేరియాకే ఇంజక్షన్ వేసి అంబులెన్స్ ఎక్కించింది. బాపు విషయంలో నా కాగితాన్ని ఎవరూ పక్కన పెట్టలేదు.

అంబులెన్స్ వెళ్లాక ఆమె స్లైడు తీసి మళ్లీ చూశాను. ఇరవై రెండో ఫీల్డులో ఉంగరం. పక్క ఫీల్డులో రెండు. ఎంత స్పష్టంగా ఉన్నాయంటే చేత్తో ఏరుకోవచ్చు.

నిజంగా కనిపిస్తున్నాయా? ఉన్నాయని తెలిశాక కనిపిస్తున్నాయా?

జులై 22

దేవదాసును లోపలికి పిలిచి తలుపు వేశాను. ఎడమ కన్ను సంగతి చెప్పాను. నాకంటే అయిదేళ్లు చిన్న, ఊరూరా తిరిగి రక్తం తెచ్చేది అతనే, ఆదివారం చర్చిలో డోలక్ వాయిస్తాడు. నేను గబగబా పాజిటివ్ డబ్బా గురించి చెప్పాను, పన్నెండుకు పన్నెండు వచ్చాయని, ఆ తర్వాత రోజూ అన్నీ కరెక్టే వచ్చాయని.

“జమునక్కా, పాజిటివ్ డబ్బల కెల్లి తీస్తే పాజిటివే వస్తది గద” అన్నాడు.

అవును. ఇంత చిన్న విషయం నాకు తట్టలేదు. తట్టనివ్వలేదు.

రెండు డబ్బాల్లోంచి ఇరవై తీసి, కలిపి, నంబర్ల మీద తెల్ల ప్లాస్టర్ అతికించి ఇచ్చాడు. ఉన్నది, లేనిది చెప్పాను. ఇరవైలో పదకొండు.

బొమ్మా బొరుసూ వేసినా అన్నే వస్తాయి.

జులై 23

మేడంకు చెప్పాను. అన్నీ. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. జూన్ ఇరవై మూడు నుంచి నేను చూసిన నెగెటివ్‌లన్నీ మహబూబాబాద్ పంపించింది. అక్కడ ల్యాబ్‌లో శివాజీ ఉన్నాడు, నాతో చదువుకున్నవాడు. ఇక నా స్లైడులు కూడా అతనికే పోతాయి. నాకు రిజిస్టర్ రాసే పని.

మేడం ఒకటే షరతు పెట్టింది. దేవదాసు నంబర్లు మూసి ఇచ్చే ఇరవైలో పద్దెనిమిది, వరుసగా మూడు వారాలు రావాలి. వస్తే మళ్లీ కుర్చీ నాది. డిసెంబర్ దాటినా రాకపోతే వేరేవాళ్లను అడుగుతానంది. న్యాయమే.

జులై 26

శివాజీ ఫోన్. ల్యాబ్‌లో ముగ్గురు కూర్చుని నాలుగు వందల పన్నెండు చూశారు. ఆరు పాజిటివ్. చంద్రమ్మది కాక ఇంకా అయిదు. దేవదాసు బండి మీద మందు బిళ్లలు పట్టుకుని ఆ అయిదుగురి ఇళ్లకు పోయాడు. సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డాను. ఎవరి ఇంటి ముందైనా టెంటు వేసి ఉందేమో, డప్పు వినిపిస్తుందేమో అని.

అందరూ ఉన్నారు. ఒకామె పొలంలో కూడా ఉందట.

అన్నం తినలేదు. యాడి ఏమైందంటే పైత్యం అన్నాను.

ఆగస్టు 4

చంద్రమ్మ లేచి కూర్చుందట. గంజి తాగిందట. దేవదాసు చెబుతుంటే అక్కడే ఏడ్చాను.

ఆగస్టు 5

పన్నెండు.

ఆగస్టు 12

పన్నెండు. ఉంగరం లేనిచోట మూడుసార్లు ఉందన్నాను.

ఆగస్టు 14

బాపు పోయిన రోజు. రెండేళ్లు.

ఆగస్టు 19

పది! వెనక్కి పోతోంది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఎన్ని గంటలు చూస్తున్నావంది. అయిదు అన్నాను. రెండు చాలు, పగలు నేర్పింది మెదడు నిద్రలో సర్దుకుంటుంది, నువ్వు నిద్రపోతున్నావా అంది.

ఆగస్టు 30

పద్నాలుగు. ఈ వారం ఏదో మారింది. ఎట్లా రాయాలో తెలియదు. ఉంగరాన్ని వెతకడం మానేశాను, ఊరికే జరుపుతూ పోయాను. ఒకచోట కన్ను తనంతట తానే ఆగింది. ఎందుకు ఆగిందో నాకు అర్థంకాకముందే ఆగింది. తేరిపార చూస్తే అక్కడ ఉంది.

నాకంటే ముందు దానికి తెలిసింది. సంతోషించాల్సిందే. స్లైడు తీసి పక్కన పెట్టి డబ్బా మూసేశాను.

సెప్టెంబర్ 8

నల్ల కాగితం తీసేశాను. కణాలు తోసుకోవడం లేదు, ఎక్కడివక్కడ కూర్చున్నాయి. పదహారు.

డైరీ వెనక్కి తిప్పి చూస్తే జూన్ పేజీల్లో అక్షరాలు చింతగింజలంత ఉన్నాయి. ఇప్పుడు మామూలే.

హన్మకొండలో పరీక్ష చేశారు. గోడ మీది అక్షరాల్లో మూడు వరసలు కిందికి దిగాను. ముఖాల సంగతి అడిగాను. అవి ఇంకా కలిసిపోతున్నాయి. మీరు మెదడుకు ఉంగరాలు నేర్పారు, ముఖాలు నేర్పలేదు, ఏది నేర్పితే అదే ముందు వస్తుంది అంది. అయితే రోజూ యాడి ముఖం చూడాలి. చూడబోతే ఆమె, ఏంది గట్ల సూస్తవ్, నాకు కొమ్ములు మొలిచినయా అంటుంది.

సెప్టెంబర్ 15

చంద్రమ్మ వచ్చింది. చిక్కిపోయిందట, అందరూ అంటున్నారు. నా బల్ల ముందు కూర్చుంది. నేను చూసిన కాగితం తప్పని ఆమెకు తెలుసో లేదో. నేనే చెప్పాను. నా వల్లే నువ్వు అంత దూరం పోయావు చంద్రమ్మా అన్నాను.

“నీ వల్ల పోయిన్నో లేదో నాకు తెల్వది బిడ్డా. గా నాలుగు దినాలు ఏమీ యాది లేదు. గని జర మంచిగ సూడు. నా ఎనక నా ముఠాల పన్నెండు మంది ఆడోళ్లున్నరు” అంది.

వేలు చాపింది.

సెప్టెంబర్ 22

పద్దెనిమిది. మొదటి వారం.

సెప్టెంబర్ 29

పంతొమ్మిది. రెండో వారం. యాడి వీధిలో అందరికీ చెబుతోంది. మెల్లకన్ను ఉత్తగ పోతదా అని.

అక్టోబర్ 6, సోమవారం

మూడో వారం. దేవదాసు డబ్బాలన్నీ కలిపేశాడు, కింది వరుసలోవి కూడా. మేడం ముందే చూశాను. రెండు గంటలు పట్టింది. కళ్లనీళ్లు రాలేదు. అతను ప్లాస్టర్లు ఒక్కొక్కటి పీకుతూ కాగితంతో పోల్చాడు.

“పంతొమ్మిదక్కా. ఏడోది ఒక్కటే తప్పింది. లేంది ఉన్నదన్నవ్” అన్నాడు.

మేడం చేయి కలిపింది. రేపటి నుంచి కుర్చీ నీదే అంది.

ఏడోది ఇటివ్వు అన్నాను. నంబరు నా చేతిరాతే. 418.

మిగతాది రేపు రాస్తాను.

అక్టోబర్ 7

రాయలేను.

కన్ను లేనిది పుట్టించింది. అంతే అయి ఉంటుంది. జులైలో ఎన్నిసార్లు పుట్టించలేదు? అది నిన్న మొన్న నేర్చుకున్న కన్ను, దాని మాటేమిటి? కుడి కన్ను ముప్పై ఏళ్లు చూసిన కన్ను. నూరు ఫీల్డులూ చూశాను.

కానీ ఇది తప్పయితే రేపటి నుంచి ఆ కుర్చీలో ఎట్లా కూర్చోవాలి? ఇది తప్పు కాకపోతే?

మేడంతో రెండు రోజులు సెలవు కావాలన్నాను.

అక్టోబర్ 8

మహబూబాబాద్ పోయాను. శివాజీకి స్లైడు ఇచ్చి, నంబరు మళ్లీ ప్లాస్టర్‌తో మూసి, ఇది చూడమన్నాను. ఎవరిదని చెప్పలేదు. ఆ స్టూలు మీద ఎంతసేపు కూర్చున్నానో. అతని చేయి స్లైడు జరపడమే చూస్తూ లెక్కపెట్టాను. యాభై. అరవై. డెబ్బై దగ్గర చేయి ఆగింది.

ఉన్నది జమునా అన్నాడు. తక్కువ ఉన్నాయి, మొదట ఏమీ కనిపించవు, డెబ్బై దాటాక వరుసగా ఉన్నాయి, మంచిగా పట్టావు అన్నాడు. చాయ్ తాగి పొమ్మన్నాడు.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఇంటికి వచ్చేశాను.

అక్టోబర్ 9

ఎవరూ చదవరని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి రాస్తున్నాను.

అరవై. అరవై దగ్గర ఆపాను. బాపు బయట బల్ల మీద వాంతి చేసుకుంటున్నాడు, యాడి జమునా జమునా అని పిలుస్తోంది, అంబులెన్స్ వచ్చి నిలబడింది. అది ఒక కారణం. ఇంకోటి, అరవై దాకా లేదు కదా, ఇక లేకపోతే బాగుండును అనుకున్నాను. ఉంటుందేమోనని భయపడి ఆపాను. నూరు అని రాశాను. రాసి రాసి రెండేళ్లలో నిజంగానే నూరు చూసినట్టు గుర్తు ఉండిపోయింది. ఆ మిగతా నలభై కూడా కళ్లకు కట్టినట్టు కనిపించేవి, ఖాళీగా.

చంద్రమ్మకు నలభై అయిదు చూశాను.

అక్టోబర్ 10

డ్యూటీకి పోయాను. యాడికి చెప్పలేదు.

అక్టోబర్ 11

చెప్పలేదు. అద్దాల రవిక కుడుతూ పాట పాడుకుంటోంది. బాపు పోయాక ఆమె పాడడం ఇదే మొదలు. ఎట్లా చెప్పను?

అక్టోబర్ 12, ఆదివారం

పొద్దున పెరట్లో, బాపు తవ్విన మడి దగ్గర వంకాయలు తెంపుతోంది. బుట్ట పట్టుకుని పక్కన నిలబడ్డాను. మేం మా భాషలోనే మాట్లాడుకున్నాం. దానికి లిపి లేదు కాబట్టి తెలుగులో రాస్తున్నాను.

సోమవారం పంతొమ్మిది అని చెప్పాను కదా యాడీ, పంతొమ్మిది కాదు, ఇరవై అన్నాను. మంచిదే గద అంది. ఆ ఇరవయ్యోది బాపుది అన్నాను. మలేరియా ఉండింది, బిళ్లలు వేస్తే తగ్గేది, నూరు ఫీల్డులు చూడాలి, నేను పూర్తిగా చూడలేదు, అరవై దగ్గర ఆపాను అన్నాను. ఎవరో పక్కనుంచి చెబుతున్నట్టు నా గొంతే నాకు వినిపించింది.

యాడి తెంపిన వంకాయ చేతిలోనే పట్టుకుంది. ముఖంలో ఏముందో నాకు కనిపించలేదు. దాన్ని బుట్టలో వేస్తూ అడిగింది.

“గప్పుడు ఏ కన్నుతోని సూసినవ్?”

“కుడి కన్నుతోని.”

“గది పోయె గద” అంది.

బుట్ట నా చేతిలోంచి తీసుకుని లోపలికి పోయింది. శిక్ష పడిందని అన్నదో, ఇక వదిలెయ్యమని అన్నదో నాకు తెలియలేదు. అడిగే ధైర్యం లేదు. మధ్యాహ్నం వంకాయ కూర వండింది, నాకు పెట్టింది, తను తినలేదు.

అక్టోబర్ 15

మాట్లాడడం లేదు. పాట కూడా లేదు.

అక్టోబర్ 17

హన్మకొండ నుంచి ఫోన్. వచ్చే నెలలో కార్నియా దొరకవచ్చు, తయారుగా ఉండమన్నారు. కుడిది వస్తే ఎడమది మళ్లీ పడుకుంటుందా అని అడిగాను. పని ఇస్తూ ఉంటే పడుకోదు అన్నారు. ఆపరేషన్ చేయించుకుంటాను. గొట్టానికి మాత్రం ఎడమదే ఆనిస్తాను.

అక్టోబర్ 18

ఎనిమిది స్లైడులు. ఒకటి పాజిటివ్, చంద్రమ్మ ముఠాలో ఆమె. మందు మొదలుపెట్టారు. ఒక్కోదానికి రెండు వందల ఫీల్డులు చూస్తున్నాను. దేవదాసు రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి పోయాడు, తొందర పెట్టలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే యాడి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆరు రోజుల తర్వాత నోరు విప్పింది. ఇయ్యాల ఎన్ని అంది. ఎనిమిది అన్నాను.

“నూరు నూరు సూసినవా?”

“సూసిన యాడీ.”

ఆమె అక్కడే నిలబడి నన్ను చూసింది. నమ్మిందో లేదో ముఖం చూసి తెలుసుకుందామనుకున్నాను. కళ్లూ నోరూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. ముఖాలు ఈ కన్ను ఇంకా నేర్చుకోలేదు.